రోజుకొక ప్రాణం: న్యూషాతెల్ గడియారాల పరీక్షలు

లక్షలు పోసి కొన్న స్విస్ చేతిగడియారం రోజుకు నాలుగు సెకండ్లు వెనుకబడినా, ఆరు సెకండ్లు ముందుకు పోయినా దాని 'క్రోనోమీటర్' బిరుదుకు ఏ లోపమూ రాదు. 1973లో ఏర్పడిన స్విస్ క్రోనోమీటర్ పరీక్షా సంస్థ పాటించే హద్దులవి. గడియారపు యంత్రాన్ని పదిహేను రోజులపాటు, ఐదు భంగిమలలో, 8, 23, 38 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రతలలో ఉంచి చూస్తారు. రోజువారీ సగటు ఆ హద్దులలో ఉండి, మిగిలిన కొలతలూ కుదిరితే పత్రం ఇస్తారు. బజారులో రెండు మూడు వందలకు దొరికే బ్యాటరీ గడియారం నెల మొత్తానికి పదిహేను ఇరవై సెకండ్లు తప్పితే గొప్ప. ఈ సంగతి తెలిసినవారు ఖరీదైన వాచీలను చూసి నవ్వుకుంటారు. నవ్వుకోవచ్చు, తప్పులేదు. కానీ ఆ నాలుగు సెకండ్ల దాకా రావడానికి మనుషులు పడిన పాట్లు, ఆ తరువాత ఇంకా లోపలికి, సెకండులో పదోవంతు దాకా వెళ్ళి అక్కడ వారికి ఎదురైనదీ తెలుసుకుంటే ఆ నవ్వు కొంచెం సన్నగిల్లుతుంది.

ముందుగా ఒక చిన్న లెక్క. మన సిద్ధాంత గ్రంథాలలో దినానికి అరవై గడియలు, గడియకు అరవై విగడియలు, విగడియకు ఆరు ప్రాణాలు. పది గుర్వక్షరాలు పలికేందుకు పట్టే కాలం ఒక ప్రాణం. గుణించి చూస్తే దినానికి 21,600 ప్రాణాలు. దినానికి 86,400 సెకండ్లు కనుక ప్రాణమంటే నాలుగు సెకండ్లు. (సూర్యసిద్ధాంతం చెప్పేది నక్షత్ర దినం కనుక వెంట్రుకవాసి తక్కువే అనుకోండి.) అంటే స్విస్ వారు 'ఇంతవరకు వెనుకబడితే క్షమిస్తాం' అన్నది సరిగ్గా ఒక ప్రాణం! ఇప్పటి చేతిగడియారాలలో చాలావాటి బాలెన్సు చక్రం సెకండుకు ఎనిమిదిసార్లు కొట్టుకుంటుంది. రోజుకు 6,91,200 సార్లు. అందులో నాలుగు సెకండ్ల తేడా అంటే 32 దెబ్బలు. దాదాపు ఏడు లక్షల దెబ్బలలో ముప్పై రెండు తప్పడాన్ని తప్పనాలో ఒప్పనాలో పాఠకులే నిర్ణయించుకోవాలి.

గడియారపు తప్పులో రెండు రకాలున్నాయి. వీటిని విడదీయకపోతే తరువాతి కథ అర్థం కాదు. ప్రతిరోజూ బడికి సరిగ్గా ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చే పిల్లవాడు ఉంటాడు. ఒకనాడు పది నిమిషాలు ముందు, మరొకనాడు పావుగంట వెనుక వచ్చే పిల్లవాడూ ఉంటాడు. సగటు తీస్తే రెండోవాడే సమయపాలకుడిగా తేలవచ్చు. కానీ ఉపాధ్యాయుడు నమ్ముకోగలిగింది మొదటివాణ్ణే. వాడి ఐదు నిమిషాలను లెక్కలో వేసుకుంటే చాలు. సముద్రం మీద ఓడ ఎక్కడున్నదో తేల్చే క్రోనోమీటర్ కూడా అంతే. రోజుకు మూడు సెకండ్లు వెనుకబడితే నావికుడికి బాధలేదు, ఆ మూడూ నిత్యం మూడుగానే ఉంటే చాలు. అందుచేత వేధశాలలలోని పండితులు 'ఎంత తప్పింది' అని చూడడంతో ఆగక, 'తప్పడంలో ఎంత నిలకడ ఉంది' అని కూడా చూశారు. అసలు కష్టమంతా ఆ నిలకడలోనే ఉంది.

నిలకడకు మొదటి శత్రువు వేడి. బాలెన్సు చక్రాన్ని ఇటూ అటూ ఊపేది హెయిర్‌స్ప్రింగు అనే సన్నని ఉక్కు తీగచుట్ట. వేడెక్కితే ఉక్కు మెత్తబడుతుంది, స్ప్రింగు బలం తగ్గుతుంది, గడియారం నెమ్మదిస్తుంది. ఏ సవరణా లేని ఇత్తడి చక్రం, ఉక్కు స్ప్రింగు ఉన్న గడియారం ఒక్క డిగ్రీ సెల్సియస్ పెరిగితే రోజుకు సుమారు పది సెకండ్లు వెనుకబడుతుంది. పద్దెనిమిదో శతాబ్దం నుంచే దీనికి విరుగుడు కనిపెట్టారు. ఇత్తడి, ఉక్కు కలిపి అతికిన చక్రపు అంచును కోసి వదిలితే, వేడికి ఆ అంచులు లోపలికి వంగి చక్రం వేగం పుంజుకుంటుంది. ఇది తెలివైన పనే, కానీ రెండు ఉష్ణోగ్రతల వద్ద సరిచేస్తే ఆ రెంటి మధ్య ఎక్కడో మళ్ళీ రెండు మూడు సెకండ్ల తప్పు మిగిలిపోయేది. నూరేళ్ళు ఆ తప్పుతోనే కాపురం చేశారు.

దాన్ని తీర్చినవాడు షార్ల్ ఎడువార్ గియోమ్. 1861లో న్యూషాతెల్ మండలంలోని ఫ్లరియే అనే ఊరిలో గడియారాల వారి ఇంట పుట్టాడు. పారిస్ దగ్గర అంతర్జాతీయ తూనికలు కొలతల కార్యాలయంలో పనిచేస్తూ, 1896లో వేడికి దాదాపు సాగని నికెలు-ఉక్కు మిశ్రలోహాన్ని కనిపెట్టి దానికి 'ఇన్వార్' అని పేరు పెట్టాడు. ఆ పరిశోధన నుంచే ఆయన పేరు మోసే బాలెన్సు చక్రం వచ్చింది, మధ్య ఉష్ణోగ్రతల తప్పు దాదాపుగా మాయమైంది. తరువాత వేడికి బలం మారని 'ఎలిన్వార్' అనే మిశ్రలోహాన్నీ ఇచ్చాడు. 1920లో భౌతిక శాస్త్రంలో నోబెల్ బహుమతి ఆయనకే దక్కింది. ఆ మరుసటి సంవత్సరపు బహుమతి ఐన్‌స్టీన్‌ది. గడియారాల ఇంటి బిడ్డకు, కాలమంటే ఏమిటో కొత్తగా చెప్పినవాడికి వరుసగా రెండు బహుమతులు... ఈ వరుస తలచుకున్నప్పుడల్లా నాకు ముచ్చటగా ఉంటుంది.

రెండో శత్రువు భూమ్యాకర్షణ. గడియారం వెల్లకిలా ఉంటే ఒక గమనం, నిలబెడితే మరొకటి, పక్కకు వాలిస్తే ఇంకొకటి. బ్రెగే 1801లో హక్కుపత్రం పొందిన 'తూర్బియోఁ' దీనికోసమే. నిలువు భంగిమలలో వచ్చే తప్పులన్నీ ఒకదానినొకటి కొట్టివేసుకునేలా బాలెన్సునూ దాని పరివారాన్నీ ఒక పంజరంలో పెట్టి తిప్పుతూ ఉండడం దాని కిటుకు. రోజంతా జేబులో నిలువుగా ఉండే గడియారానికి అది సబబు. క్షణం కుదురుగా ఉండని మణికట్టు మీద దాని అవసరం ఎంత అన్నది నిపుణులు నేటికీ తేల్చని వివాదం. ఇప్పుడది ఎక్కువగా చూసి ఆనందించే వస్తువు.

ఇక న్యూషాతెల్ సంగతి. స్విట్జర్లాండ్ పడమట, ఫ్రాన్సు సరిహద్దు జురా కొండల కింద, సరస్సు ఒడ్డున ఉన్న పట్టణమది. పైన కొండల్లోని లె లోక్ల్, లా షో-ద-ఫోన్ అనే ఊళ్ళకు గడియారాలే తిండి పెట్టాయి. అంతమంది గడియారాలు చేస్తున్నా 'అసలు ఇప్పుడు సమయమెంత?' అన్నదానికి ప్రమాణం ఉండాలి కదా. అందుకోసం 1858లో న్యూషాతెల్‌లో వేధశాల కట్టారు. తొలి అధిపతి అడోల్ఫ్ హిర్ష్. నక్షత్రాలు మధ్యాహ్నరేఖను దాటే క్షణాన్ని చూసి కాలం నిర్ణయించడం, దాన్ని టెలిగ్రాఫు తీగ మీద కొండల్లోని ఊళ్ళకు పంపడం ఆ వేధశాల పని. నక్షత్రం దాటడాన్ని చూసిన కన్నుకూ, మీట నొక్కే చేతికీ మధ్య మనిషికి పట్టే ఆలస్యాన్ని సైతం కొలిచి లెక్కలోంచి తీసివేయాలనుకున్నంత పట్టుదల హిర్ష్‌ది.

ఆ వేధశాలే గడియారాలకు పరీక్ష పెట్టింది. 1860ల నుంచి ఏటా పోటీలు. జెనీవా వేధశాల, ఇంగ్లండులోని క్యూ వేధశాల కూడా ఇటువంటి పరీక్షలు జరిపాయి. వారాల తరబడి ఒక్కొక్క గడియారాన్ని రోజూ చూసి రాస్తారు. రోజువారీ గమనం, ఆ గమనంలో రోజురోజుకూ వచ్చే తేడా, భంగిమ మారితే వచ్చే తేడా, వేడిచలికి వచ్చే తేడా, అన్నీ అయ్యాక గడియారం మొదటి గమనానికి తిరిగి వచ్చిందా లేదా అన్నది... ఇవన్నీ కలిపి చివరకు ఒక్క సంఖ్య. న్యూషాతెల్‌లో ఆ సంఖ్య ఎంత చిన్నదైతే అంత గొప్ప. క్యూలో మాత్రం మనలాగే నూటికి మార్కులు వేసేవారు. 1914 జులై 15న రోలెక్స్ వారి చిన్న చేతిగడియారానికి క్యూ వేధశాల 'ఎ' తరగతి పత్రం ఇచ్చింది. నలభై అయిదు రోజుల పరీక్ష, ఐదు భంగిమలు, మూడు ఉష్ణోగ్రతలు. అంతవరకూ ఆ పత్రం పెద్ద గడియారాల సొత్తు. చేతిగడియారం ఆడవారి అలంకారమని చాలామంది మగవారు తీసిపారేస్తున్న రోజులలో వచ్చిందా పత్రం. మరి రెండు వారాలకే ఐరోపాలో మహాయుద్ధం మొదలైంది. కందకాలలోని సైనికుడికి జేబులో చెయ్యి పెట్టే తీరిక లేక చేతిగడియారం మగవాడి వస్తువైంది.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది ఈ పోటీలలో అసలు గెలిచినది ఎవరన్నది. బహుమతి పట్టికలలో ఒమెగా, జెనిత్, పటేక్ ఫిలిప్, లాంజీన్ అన్న సంస్థల పేర్లుంటాయి. ప్రకటనలలోనూ అవే. కానీ ఒకే నమూనా యంత్రం ఒకరి చేతిలో మామూలుగా నడిచి, మరొకరి చేతిలో వేధశాల ప్రథమ బహుమతి తెస్తుంది. ఆ మరొకరిని ఫ్రెంచివారు 'రెగ్లర్' అంటారు, సవరించేవాడు అని అర్థం. ఏడాదికి కొద్ది యంత్రాలు మాత్రమే అతని బల్ల మీదికి వస్తాయి. స్ప్రింగు చివర వంపును వెంట్రుకంత మార్చడం, చక్రం అంచు మరలను కొసరు కొసరుగా తిప్పడం, మళ్ళీ రోజులపాటు గమనం రాసుకోవడం, మళ్ళీ తిప్పడం, నెలల తరబడి ఇదే పని. ఛందస్సు తెలిసినవారికి ఈ పని కొత్తగా తోచదు. గణాలు అందరికీ ఒకటే. యతి ఎక్కడ పడాలో కూడా గ్రంథంలో రాసే ఉంటుంది. అయినా పద్యం నడక ఒక్కొక్కరి చేతిలో ఒక్కొక్క తీరు.

1936లో క్యూ పద్ధతిలో జరిగిన పరీక్షలో ఒమెగా గడియారానికి నూటికి 97.8 మార్కులు వచ్చాయి. అది చరిత్రకెక్కిన ఘనత. దాన్ని సవరించినవాడు ఆల్ఫ్రెడ్ జకార్. ఒమెగా పేరు లోకమంతా ఎరుగు. జకార్ పేరు పాత గడియారాల పిచ్చి ఉన్నవారికి తప్ప ఎవరికీ తెలియదు. జెనిత్ సంస్థకు ఎఫ్రెమ్ జోబాఁ రూపొందించిన '135' యంత్రం 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదేళ్ళు న్యూషాతెల్‌లో చేతిగడియారాల వర్గంలో ప్రథమ బహుమతి తెచ్చింది. ఆ యంత్రాలను సవరించినవారు షార్ల్ ఫ్లెక్, రెనే జిగాక్స్. వేధశాల వీరికి న్యాయమే చేసింది, బహుమతి పత్రాలలో వీరి పేర్లు వేసింది. మరుగుపరచింది ఆ తరువాతి ప్రచారం. ఇక కర్మాగారాల కోసం, తరచుగా ఇళ్ళలో కూర్చుని, వేలాది మామూలు గడియారాలకు స్ప్రింగులు అమర్చి సరిచేసిన జురా కొండల స్త్రీలకు ఏ పట్టికా లేదు. 'రెగ్లూజ్' అనే వృత్తినామం ఒక్కటే మిగిలింది.

ఇంకొక విశేషం. ఈ బహుమతి యంత్రాలు చాలామటుకు అంగడికి రాలేదు. చెక్కపెట్టెలలో పరీక్షకు వెళ్ళి, చెక్కపెట్టెలలో తిరిగి వచ్చి, సంస్థ బీరువాలో పడుకున్నాయి, మళ్ళీ ఏడు ఇంకాస్త సవరించి మళ్ళీ పంపారు. కొనుక్కున్నవాడి చేతికి వచ్చినది వాటి పినతండ్రి బిడ్డ. సెకండులో పదోవంతు నిలకడ ఉన్న యంత్రం దాదాపుగా ఎవరి మణికట్టునూ తాకలేదు. ప్రకటనలోని కొలతకూ, కొట్టులోని వస్తువుకూ మధ్య దూరం ఆనాడే ఉంది. దాన్ని మోసమనలేం, నిజమనీ అనలేం.

1964లో ఈ కొండల పరీక్షకు తూర్పు నుంచి అభ్యర్థులు వచ్చారు. జపాను సీకో సంస్థకు సువాలో ఒకటి, టోక్యోలో మరొకటి కర్మాగారాలు. ఒకే ఇంటివైనా ఒకదానితో ఒకటి పోటీపడేవి. (1961లో బెంగుళూరులో మన హెచ్.ఎం.టి. గడియారాలు జపానువారే అయిన సిటిజెన్ సంస్థ సహకారంతో మొదలయ్యాయి కనుక, జపాను పనితనం సంగతి స్విస్ వారికంటే మనకే ముందు తెలిసిందని చెప్పుకోవచ్చు!) ఆ ఏడు న్యూషాతెల్‌లో చేతిగడియారాల వర్గంలో సువా కర్మాగారానికి దక్కిన మేలైన స్థానం 144. ఎవరైనా అక్కడితో మానుకుంటారు. వారు మానలేదు. బాలెన్సు వేగం పెంచారు. సెకండుకు పది దెబ్బల యంత్రాలు తయారుచేశారు. చక్రం ఎంత వేగంగా ఊగితే, ఒక కుదుపు దాన్ని అంత తక్కువగా చెదరగొడుతుంది. నూనె ఎండిపోవడం, అరుగుదల పెరగడం వంటి కొత్త చిక్కులు వస్తాయి, వాటినీ ఒక్కొక్కటే తీర్చుకున్నారు. 1966లో తొమ్మిదో స్థానం. 1967లో నాలుగో స్థానం, సంస్థల వరుసలో ఆ రెండు కర్మాగారాలకు రెండు, మూడు స్థానాలు. నాలుగేళ్ళలో 144 నుంచి నాలుగుకు! పరీక్షలలో ఇటువంటి ఎదుగుదలను చూసి పొంగిపోని ఉపాధ్యాయుడు ఉండడు.

ఆ 1967లోనే మరొకటి జరిగింది. న్యూషాతెల్ పట్టణంలోనే 1962లో స్విస్ గడియారాల సంస్థలన్నీ కలిసి స్థాపించుకున్న ఎలక్ట్రానిక్ పరిశోధనశాల ఉంది. అక్కడివారు స్ప్రింగుకు బదులు క్వార్ట్జ్ స్ఫటికం కంపించే చేతిగడియార నమూనాలను పరీక్షకు పెట్టారు. మొదటి పది స్థానాలు వాటివే. మీటలు, చక్రాలు సవరించేవారు నూరేళ్ళు శ్రమించి చేరుకున్న హద్దును, ఎవరి సవరణా అక్కరలేని రాతిపలుకు ఒక్క ఏటిలో దాటిపోయింది. 1968లో జెనీవా పోటీలో మొదటి మూడు స్థానాలు స్విస్ క్వార్ట్జ్ గడియారాలకు, నాలుగు నుంచి పది దాకా సీకో యంత్రాలకు వచ్చాయి. అంటే స్ప్రింగుతో నడిచేవాటిలో అగ్రస్థానం జపానుది. ఆ తరువాత పాత పద్ధతి పోటీలు నిలిచిపోయాయి. స్విస్ వారు ఓటమికి సిగ్గుపడి ఆపారని ఒక వాదం ఉంది. అది పూర్తిగా నమ్మదగినదిగా నాకు తోచదు. తమ క్వార్ట్జ్ చేతిలోనే తమ చక్రాలు ఓడాక, ఇంకెవరితో ఎవరికి పోటీ పెట్టాలి?

1969 డిసెంబర్ 25న టోక్యోలో సీకో 'ఆస్ట్రాన్' అమ్మకానికి వచ్చింది. లోకంలో మొట్టమొదటి క్వార్ట్జ్ చేతిగడియారం. నెలకు ఐదు సెకండ్లకు మించి తప్పదని హామీ. బంగారు పెట్టె, 4,50,000 యెన్ల ధర, ఆనాడు ఒక చిన్న కారు వెల. కచ్చితమైన కాలం విలాసవస్తువుగా అమ్ముడుపోవడం బహుశా అదే చివరిసారి. పదేళ్ళు తిరిగేసరికి అదే కచ్చితత్వం చిల్లర వస్తువైంది. 1970 ప్రాంతంలో సుమారు 90,000 మంది పనిచేసిన స్విస్ గడియారాల పరిశ్రమలో 1980ల మధ్యకు సుమారు 30,000 మంది మిగిలారు. సవరించేవారి బల్లలు ఖాళీ అయ్యాయి. క్వార్ట్జ్‌ను ముందుగా పరీక్షకు పెట్టి గెలిచినది న్యూషాతెలే, దాని దెబ్బ గట్టిగా తిన్నదీ ఆ కొండలే.

చక్రాల గడియారం చావలేదు, పైగా ధర పెరిగి లేచివచ్చింది. కాలం తెలుసుకోవడానికి దాన్ని కొనేవారు లేరు కనుక సంస్థలు కచ్చితత్వాన్ని మరచిపోతాయని ఎవరైనా అనుకుంటారు. చిత్రంగా అలా జరగలేదు. రోలెక్స్ 2015లో తన గడియారాలకు రోజుకు రెండు సెకండ్ల హద్దు పెట్టుకున్నది. అదే ఏట ఒమెగా, స్విస్ ప్రభుత్వ తూనికల సంస్థ చేత పరీక్ష చేయిస్తూ సున్నా నుంచి ఐదు సెకండ్లు ముందుకు అన్న హద్దూ, 15,000 గౌస్‌ల అయస్కాంత శక్తికి చెక్కుచెదరకూడదన్న నియమమూ తెచ్చింది. ఉక్కు స్ప్రింగుకు బదులు వేడికీ అయస్కాంతానికీ లొంగని సిలికాన్ స్ప్రింగులు వచ్చాయి. ఇవి పెట్టెలో పడుకునే పోటీ యంత్రాలకు సంబంధించినవి కావు, కొట్టులో కొన్న ప్రతి గడియారానికీ వర్తించే హద్దులు. ఈ ఒక్క విషయంలో నేటి సంస్థలు 1950ల నాటి వాటికంటే నిజాయితీపరులని ఒప్పుకోవాలి. ధర విషయంలో ఆ మాట అనలేను.

జెనిత్ బీరువాలో 1950 నుంచి 1954 మధ్య న్యూషాతెల్‌లో బహుమతులు తెచ్చిన '135' యంత్రాలు కొన్ని అలాగే ఉండిపోయాయి. వాటిలో పదింటిని 2022లో వెలికి తీశారు. కారి వౌతిలైనెన్ అనే ఫిన్లాండు పనివాడు వాటిని విప్పి, శుభ్రం చేసి, చిన్న పళ్ళాలకు నగిషీ దిద్ది, ప్లాటినం పెట్టెలలో అమర్చాడు. సుమారు డెబ్భై ఏళ్ళ క్రితం ఫ్లెక్, జిగాక్స్ చేతులు సవరించిన చక్రాలు మొదటిసారిగా మనుషుల మణికట్లు ఎక్కాయి. ఒక్కొక్కదాని వెల 1,32,900 స్విస్ ఫ్రాంకులు. పదీ అమ్ముడుపోయాయి. 2025లో జెనిత్ తన 160వ ఏట ఆ '135'నే మళ్ళీ కొత్తగా తయారుచేసి 160 గడియారాలలో పెట్టింది. వాటికి రోజుకు రెండు సెకండ్ల హద్దు, అంటే మన లెక్కలో అర ప్రాణం, ఐదు గుర్వక్షరాలు.